మూడో చరణానికి ముందు

ఇవతలి గట్టు,
పడవల కొట్టం.

చెల్లికి అన్నయ్య రాసేది,

మొదట అందరూ క్షేమమని రాయాలట. మీ వదిన పక్కన కూర్చుని చెబుతోంది. బతికే ఉన్నాను కాబట్టే రాస్తున్నాను, వేరే చెప్పాలా? అక్షరాలు పెద్దవిగా ఉన్నాయని నవ్వకు. పడవల మీద పేర్లు రాసే చెయ్యి ఇది. చిన్నగా రాయడం దానికి చేతకాదు.

వంతెన మూసేశారు. నీ వైపు నుంచి కూడా మూశారు కాబట్టి నీకు కొత్తగా చెప్పేదేం లేదు. నడిమధ్య గేటు పెట్టి అటొకడు, ఇటొకడు తుపాకులు పట్టుకుని నించున్నారు. ఇద్దరూ ఒకరి సిగరెట్టు ఒకరు ముట్టించుకుంటున్నారు. అది మాత్రం తప్పు కాదట. పాలావిడ ఒక్కదాన్నే వదులుతున్నారు, మీ వైపు పెద్దల ఇళ్లలో మా వైపు పాలు కావాలి కాబట్టి. ఈ ఉత్తరం ఆవిడ క్యాను మూత కింద గుడ్డలో వస్తుంది.

నువ్వు పాట కట్టిన ఆ ముళ్లతీగ కంచెను గట్టు పొడుగునా వేసుకొస్తున్నారు. నా కొట్టానికీ ఏటికీ మధ్య ఇప్పుడు కంచె ఉంది. తారు పూసి ఆరబెట్టిన పడవలు బోర్లా పడుకుని ఉన్నాయి. నా చేతి తారు పడ్డ పడవలోకి చుక్క నీరు వచ్చిందని ఒక్కణ్ణి చెప్పమను. ఇప్పుడు పడవ దాకా నీరే రాదు.

పాట సంగతి చెప్పాలి. ఇక మీ బృందం, మా బృందం వారం వారం వంతెన మీద కలిసి పాడడం కుదరదు. మానేద్దామన్నాడు మా రొట్టెల బట్టీ ఆయన. "మానేస్తే కంచె వేసినవాడు మనకు శాలువా కప్పుతాడా?" అని అడిగాను. అటువాళ్లు అటు, ఇటువాళ్లు ఇటు సాధన చేద్దాం. వానలు తగ్గాక గేటుకు అటూ ఇటూ నించునే పాడదాం. ఇనపకమ్మీల మధ్య నుంచి మనిషి పట్టడు గానీ పాట పడుతుంది.

మూడో చరణం ముందు ఆగడం మాత్రం మీవాళ్లు మరిచిపోకూడదు. మీ ఇస్త్రీ ఆవిడకు ఆయాసం. ఆ చరణం అందరికంటే ఎత్తున అందుకునేది ఆవిడే. ఆవిడ గాలి పీల్చుకుంటే గానీ అది పైకి లేవదు. మొదట్లో ఆవిడ కోసం ఆగేవాళ్లం. ఇప్పుడు పాటే అక్కడ ఆగుతోంది. నేను బోర్లించిన పడవ మీద కొయ్య సుత్తితో తాళం వేస్తానా, ఆ చోటికి రాగానే సుత్తి ఎత్తి ఆవిడ భుజం వైపు చూస్తాను. భుజం లేచి దిగిందా, కొడతాను. పాట కట్టింది నువ్వే అయినా, ఆ ఆగడం నువ్వు కట్టింది కాదు. మా వీధిలో నీళ్లు మోసేవాళ్లు కూడా కూనిరాగం తీస్తూ అక్కడికి రాగానే ఆగుతున్నారు. ఎందుకో వాళ్లకు తెలియదు.

ఇంకా దూరమైపోయామని బెంగపడకు. నేను గట్టిగా పాడితే ఏరు దాటి వినపడుతుంది.

అన్నయ్య

*

అవతలి గట్టు,
కుట్టు దుకాణం.

అన్నయ్యా,

నీ ఉత్తరం పాలల్లో నాని చేరింది. మిషను మీద ఆరబెట్టి, బృందమంతా చుట్టూ కూర్చుని చదువుకున్నాం. "నేను గట్టిగా పాడితే" అన్న చోట ఇస్త్రీ ఆవిడ నవ్వీ నవ్వీ ఆయాసం తెచ్చుకుంది. నీకు దణ్ణం పెడతాను, నువ్వు పాడకు. అసలు నీ చేతికి సుత్తి ఇచ్చిందే నీ నోరు మూయించడానికి. వదినను అడుగు, ఆ ఉపాయం ఎవరిదో చెబుతుంది.

ఇక్కడ ఒక మంచి, ఒక చెడు. ముందు చెడు. మా మేస్టారిని ఎక్కడో కొండల్లో బడికి మార్చారు. కాగితం పొద్దున వచ్చింది, సాయంత్రానికల్లా బండెక్కమన్నారు. ఇంట్లో అన్నం గిన్నె కూడా తోమకుండా వెళ్లారు. బృందంలో కింది గొంతు ఆయనదొక్కటే. ఇప్పుడు పాట నేల లేని ఇల్లులా ఉంది.

మంచిదో కాదో తెలియనిది ఇంకొకటి. నిన్న వానలో ఒకాయన దుకాణానికి వచ్చాడు. బూట్లకు బురద లేదు. చొక్కా కొలతలివ్వడానికి వచ్చాడేమో అనుకుని టేపు తీశాను. ప్రభుత్వంలో సాంస్కృతిక శాఖ అట. కుర్చీలో కూర్చుని మన పాట మొదటి నుంచి చివరి దాకా నాకు అప్పజెప్పాడు అన్నయ్యా! "కంచెకు ఇవతల కుండ మాదే, కంచెకు అవతల నీళ్లూ మావే" అని నేను కట్టిన మాటలు ఆ నోట వింటుంటే, ఎందుకో నా చేతిలోని కత్తెర చల్లగా తగిలింది. "మూడో చరణం ముందు ఎందుకు ఆగుతారమ్మా?" అని అడిగాడు. ఇస్త్రీ ఆవిడ ఆయాసం గురించి చెప్పాను. "ఓహో, అదా" అన్నాడు.

మాకు సాధనకు హాలు ఇస్తాడట. పంకాలు, మైకు, కుర్చీలు. ఇలాంటి పాట బజారులో పాడితే ఎవరైనా అపార్థం చేసుకుంటారు, హాల్లో పాడుకుంటే గౌరవంగా ఉంటుందన్నాడు. ఇస్త్రీ ఆవిడకు పంకా గాలి మంచిదని మావాళ్లందరూ సరేనన్నారు. నేనూ సరేనన్నాను. నువ్వేమంటావు?

చెల్లి

*

ఇవతలి గట్టు,
పడవల కొట్టం.

చెల్లీ,

ఏమంటానా? కంచె వేయించినవాడు కంచె మీద తిట్టుపాట విని మెచ్చుకుంటే, వాడికి చెవులైనా లేవు, సిగ్గైనా లేదు. చెవులున్నాయని నువ్వే రాశావు.

హాలు ఊరికే ఇస్తున్నాడు సరే. దాని తాళంచెవి ఎవరి దగ్గరుందో చూడు.

మా వైపేదో బంగారమని కాదు. మొన్న ఒక ఇన్‌స్పెక్టరు కొట్టానికి వచ్చాడు. పడవ బోర్లించి కొడితే అది వాయిద్యమట, వాయిద్యానికి అనుమతి కావాలట. తిప్పి పెడితే పడవట, దానికి అక్కర్లేదట. "అయితే తిప్పండి సార్, నేనొక్కణ్ణీ తిప్పలేను" అన్నాను. పాపం పట్టాడు. చేతులకు, చొక్కాకు, టోపీకి తారు అంటించుకుని వెళ్లాడు. పచ్చితారని నేను చెప్పలేదు, వాడు అడగలేదు. వాడు మలుపు తిరగగానే మళ్లీ బోర్లించాం. మా ఇన్‌స్పెక్టరు మొరటువాడు, వాడితో ఎలా ఉండాలో నాకు తెలుసు. మీవాడు బురద అంటకుండా నడుస్తున్నాడు. అలాంటివాడితో నాకెప్పుడూ పని పడలేదు.

మేస్టారు వెళ్లిన బడి పేరు కనుక్కున్నావా? ఉత్తరం రాశావా? రాయి. ఇస్త్రీ ఆవిడను నేను అడిగానని చెప్పు. నవ్వితే నవ్వింది గానీ, ఆయాసం ఎక్కువైతే కూర్చుని పాడమను.

మీ వదిన సుత్తి ఉపాయం తనదేనని ఒప్పుకుంది. దానితో నేను మాట్లాడడం లేదు.

అన్నయ్య

*

అవతలి గట్టు,
కుట్టు దుకాణం.

అన్నయ్యా,

తాళం గురించి అడిగావు. వాచ్‌మన్ దగ్గరుంటుంది. మేం లోపలికి వెళ్లాక బయట నుంచి వేస్తాడు, సాధన అయ్యాక తీస్తాడు. గొడవ చేసేవాళ్లు రాకుండా అట. లోపలి వైపు గడియ లేదు. నువ్వు అడిగేదాకా నేను చూడలేదు.

మేస్టారికి రాశాను. ఆ పేరుతో ఇక్కడ బడి లేదని ఉత్తరం తిరిగి వచ్చింది.

చేపలాయన సాధనకు రావడం మానేశాడు. వాళ్లావిడను అడుగుదామని వెళ్తే, నన్ను దూరం నుంచే చూసి వేరే సందులోకి తిరిగింది. ఆవిడ పెళ్లి రవికె కుట్టింది నేను! మేస్టారి చోటులోకి, చేపలాయన చోటులోకి, ఇంకా రానివాళ్ల చోట్లలోకి శాఖాయన కొత్తవాళ్లను తెచ్చాడు. బాగా పాడతారు. నిజం చెప్పాలంటే చాలా బాగా పాడతారు. ఒక్కరూ ఆలస్యంగా రారు, ఒక్కరూ దగ్గరు. పాట అవగానే ఒకరితో ఒకరు మాట్లాడుకోరు.

బృందానికంతా ఒకే రకం నీలం చొక్కాలు కుట్టమన్నారు, కొలతలు తీశాను. మామూలు మనిషి టేపు చూడగానే పొట్ట లోపలికి పీలుస్తాడు, సిగ్గుపడతాడు, చక్కిలిగిలి అని వంకర తిరుగుతాడు. వీళ్లలో ఒక్కరూ కదల్లేదు. మడమలు కలిపి, చేతులు ఒంటికి ఎడంగా పెట్టి, గోడ మీద చుక్కను చూస్తూ నించున్నారు. ఎన్నోసార్లు కొలతలిచ్చినవాళ్లు అలా నించుంటారు. ఎక్కడ కొలతలిచ్చారని నేను అడగలేదు.

ఇంకొకటి చెప్పాలి, కోప్పడకు. మూడో చరణంలో "కంచెకు ఇవతల" అన్న చోట "మంచుకు ఇవతల" అనమన్నాడు శాఖాయన. ఒక్క మాటే కదా, అర్థం చెడదు, పైగా వినడానికి మెత్తగా ఉంటుందట. అలా పాడితే వానలు తగ్గాక గేటు తెరిపించి, వంతెన మీద రెండు దేశాల బృందాలనూ కలిపి పాడిస్తాడట. గేటు తెరుస్తారు అన్నయ్యా. ముందు గేటు తెరవనీ. తర్వాత ఏ మాట పాడాలో మనిష్టం.

ఇస్త్రీ ఆవిడ ఒప్పుకోలేదు. మూడో చరణం వచ్చినప్పుడల్లా "కంచె" అనే అంటోంది. గుంపులో కలిసిపోతుందిలే.

చెల్లి

*

ఇవతలి గట్టు,
పడవల కొట్టం.

చెల్లికి,

మంచా? కొట్టం తలుపు తీస్తే నాకు కనిపించేది మంచా? దాని ముల్లు గుచ్చుకుని నా చెయ్యి వాచింది, మంచు ముల్లయితే పొద్దెక్కాక కరిగేది. మంచును తియ్యండని ఎవడైనా అడుగుతాడా? సూర్యుడికి అర్జీ పెట్టుకోవాలి.

నీ ఉత్తరం మావాళ్లకు చదివి వినిపించాను. రొట్టెల బట్టీ ఆయన లేచి వెళ్లిపోయాడు. ఆయన్ని ఆపడానికి నేను నీ పక్షం మాట్లాడవలసి వచ్చింది. నాకు ఒక్క మాటా దొరకలేదు. పొగిడేసరికి మెత్తబడ్డావు. మైకు, పంకా, నీలం చొక్కా. నీ పాటను నువ్వే కత్తిరించి వాడి కొలతకు కుట్టిచ్చావు.

ఎవరూ అడక్కుండానే ఆ ఇస్త్రీ ఆవిడ "కంచె" అని చెబుతోంది కదా, ఆవిడ దగ్గర నేర్చుకో. చదువు లేదు, ఊపిరి లేదు. మాట మాత్రం ఉంది.

మాట తిరిగి దాని చోట్లో పెట్టేదాకా నాకు రాయకు.

అన్నయ్య

*

అవతలి గట్టు,
సాంస్కృతిక భవనం.

గౌరవనీయులైన అన్నగారికి నమస్కారములు.

ఇక్కడ అందరమూ క్షేమము. మా బృందము దినదినాభివృద్ధి చెందుచున్నది. సభ్యులందరూ ఉత్సాహముగా ఉన్నారు. ఇస్త్రీ పని చేయు సభ్యురాలు కూడా క్షేమము.

వచ్చే నెల మొదటి ఆదివారమున వంతెన గేటు తెరవబడును. ఇరుదేశముల బృందములు కలిసి పాడు స్నేహగాన కార్యక్రమము జరుగును. మీ బృందసభ్యులు అందరూ తప్పక గేటు దాటి మా వైపు వేదిక వద్దకు రావలెను. ఏర్పాట్ల నిమిత్తము సభ్యుల పూర్తి పేర్లు, ఇంటి చిరునామాలు, వృత్తులు ముందుగా తపాలా ద్వారా పంపగలరు. పాటను మొదటి నుంచి కట్టినవారు, నడిపించువారు ఎవరో కూడా తెలుపగలరు.

మీ రాకకై ఎదురు చూచుచు,
మీ చెల్లెలు

*

ఇవతలి గట్టు,
పడవల కొట్టం.

చెల్లీ,

పాలావిడను బతిమాలి ఇది పంపుతున్నాను. మోయనంది. ఇప్పుడు మీ వైపు క్యానులో చెయ్యి పెట్టి చూస్తున్నారట. మీ వదిన ఆవిడ పాదం పట్టుకోబోయింది, అప్పుడు తీసుకుంది. చదవగానే పొయ్యిలో పెట్టు.

స్టాంపు అంటించిన కాగితం ఒకటి వచ్చింది. అక్షరాలు నీవే. నువ్వు నన్ను "గారు" అన్నది తారు డబ్బాలో పడ్డ రోజు ఒక్కసారే. "అన్నగారూ, పైకి రండి" అని గట్టు మీద నించుని నవ్వావు. ఈ కాగితంలో ఎవరూ నవ్వడం లేదు. పాట కట్టింది ఎవరని నన్ను అడుగుతోంది, కట్టినదాని చేతిరాతతోనే. మొదట నాకు ఒళ్లు మండింది. "చూశావా, నాతో పంతానికి పోయి గుమాస్తాలా రాస్తోంది" అన్నాను మీ వదినతో. అది దుప్పటి మడతపెడుతూ, "నీకు పంతం తప్ప ఇంకేదీ వినపడదా?" అంది.

అందుకని సాయంత్రం కంచె దాకా వెళ్లి నించున్నాను. మీ హాల్లో మైకు పెట్టాక సాధన ఏటి మీదుగా వినపడుతోంది. వారం నుంచీ వినపడుతోందట. కోపం కొద్దీ నేను కొట్టం తలుపు మూసుకుని కూర్చున్నాను. బాగా పాడుతున్నారు, ఒప్పుకుంటాను. పల్లవి అయింది. రెండు చరణాలయ్యాయి. నా చెయ్యి దానంతటదే లేచింది. చేతిలో సుత్తి లేదు, అయినా లేచింది.

ఆగలేదు చెల్లీ. నేరుగా మూడో చరణంలోకి నడిచిపోయారు, అక్కడ ఎప్పుడూ ఏమీ లేనట్టు. నా చెయ్యి అలాగే గాల్లో ఉండిపోయింది.

ఇస్త్రీ ఆవిడ ఎక్కడ? క్షేమమని వద్దు, ఎక్కడుందో రాయి.

నాకు రాయొద్దని నేను రాసిన ఉత్తరం నీ దగ్గరుంటే అదీ పొయ్యిలో పెట్టు.

అన్నయ్య

*

అన్నయ్యా,

ఊరూ పేరూ వేయడం లేదు. పాలావిడ బయట నించుంది.

ఇస్త్రీ ఆవిడ ఎక్కడుందో నాకు తెలియదు. ఆవిడ "కంచె" అనడం మానలేదు. "గుంపులో కలిసిపోతుందిలే" అని నీకు రాశాను చూడు, ఆ వారమే శాఖాయన సాధన ఆపించి అందరి ముందూ అడిగాడు. "ఒక్కరి ఊపిరి కోసం ఇంతమంది ఆగడమేమిటమ్మా? రేపటి నుంచి ఆగేది లేదు" అన్నాడు, అదే మెత్తటి గొంతుతో. ఆవిడ లేచి, "నాకోసం ఎవర్నీ ఆగమనలేదయ్యా, వాళ్లే ఆగారు" అంది. ఆయన నవ్వాడు. వైద్యం చేయిస్తామని కారు ఎక్కించారు. మర్నాడు వాళ్ల సందుకు వెళ్లాను. దుకాణం తలుపు తీసే ఉంది. బల్ల మీద సగం ఇస్త్రీ చేసిన చొక్కా, దాని పక్కన పెట్టె. అందులో బొగ్గులు చల్లగా ఉన్నాయి. చుట్టుపక్కల ఒక్కరూ ఆమె పేరెత్తలేదు.

పాతవాళ్లలో ఇప్పుడు నేనొక్కదాన్నే మిగిలాను. నన్ను ఎందుకు ఉంచారో మొన్న తెలిసింది. శాఖాయన కోటుకు చేతులు సరిచేస్తున్నాను. కింద కూర్చుని గుండుసూదులు నోట్లో పెట్టుకుని పనిచేసే మనిషికి చెవులుండవనుకుంటారు. మీరందరూ గేటు దాటి నడిమి గీత ఇవతలికి రాగానే మా నేల మీద ఉన్నట్టట. వెనక గేటు పడుతుంది. మీ పేర్లు అప్పటికే వాళ్ల దగ్గరుంటాయి. మీ వైపు పెద్దలకు కూడా అభ్యంతరం లేదట, పీడ విరగడ అన్నారట. నేను ముందు వరుసలో నించోవాలి. నా ముఖం కనిపిస్తే మీరు అనుమానపడకుండా వస్తారు కాబట్టి.

రావద్దు. పేర్లు పంపొద్దు. ఆ రోజు వంతెన వైపే రావద్దు.

నాకేం కాదు. నేను దర్జీని, నాతో వాళ్లకు పనుంది. నాకేం కాదు.

*

ఇవతలి గట్టు.

చెల్లీ,

నీకేం కాదని రాశావు. చిన్నప్పటి నుంచీ నువ్వు అబద్ధమాడితే రెండుసార్లు చెబుతావు. ఇప్పుడూ రెండుసార్లు రాశావు.

మేం రాకపోతే నువ్వు వాళ్లకు ఎందుకూ పనికిరాని ముఖానివి. వస్తే మావాళ్లందరూ పోతారు. ఇది మావాళ్లకు దాచకుండా చెప్పాను. ఒక్కరైనా ఇంటికి వెళ్లిపోతారేమో, వెళ్తే తప్పు పట్టకూడదనుకున్నాను. రొట్టెల బట్టీ ఆయన చాలాసేపు గడ్డం గోక్కున్నాడు. "పడవ మోయడానికి నా భుజం సరిపోతుందా?" అన్నాడు చివరికి.

వస్తాం. గీత దాటం. పడవను గేటు దాకా మోసుకొచ్చి, మా సగం వంతెన మీద బోర్లించి, మా నేల మీదే నించుని పాడతాం. గేటు తెరిచి ఉంటుంది కదా, స్నేహగానం కదా, అందరూ చూస్తుంటారు. నువ్వు గీతకు ఎంత దగ్గరగా నించోగలిగితే అంత దగ్గరగా నించో. నాకూ నీకూ మధ్య ఒక్క అడుగు ఉండేలా చూసుకో. మూడో చరణం ముందు సుత్తి ఎత్తుతాను. వాళ్లు ఆగరు, మేం ఆగుతాం. వాళ్లు తికమకపడతారు. ఆ తికమకలో ఒక్క అడుగు వెయ్యి. అంతే. మిగతాది నేను చూసుకుంటాను, నాకింకా చేతుల్లో బలముంది.

మీ వదిన నీకు పక్క పరిచి పెట్టింది. ఇది చింపెయ్.

అన్నయ్య

*

ఇవతలి గట్టు,
పడవల కొట్టం.

చెల్లికి,

దీనికి స్టాంపు అంటించి తపాలాలోనే వేస్తున్నాను. పాలావిడ రావడం లేదు. నీ దుకాణం చిరునామా తప్ప నాకు ఇంకో చిరునామా తెలియదు.

కాబట్టి ముందుగా, ఈ ఉత్తరం విప్పి చదివే అయ్యా, నీకు రెండు మాటలు. తర్వాత మా చెల్లి ఎక్కడుంటే అక్కడికి పంపు. పంపకపోతే నువ్వే ఉంచుకుని మళ్లీ మళ్లీ చదువుకో. అక్షరాలు పెద్దవే, కష్టం కాదు.

నువ్వు ఆ రోజు వంతెన మీద ఉన్నావో లేదో నాకు తెలియదు. ఉంటే నీలం చొక్కాలో ఉండి ఉంటావు. ఆ చొక్కా చంకల్లో ఎక్కడా పట్టకుండా సరిగ్గా ఉంది కదా? అది మా చెల్లి కుట్టింది. మేం గీత దగ్గర ఆగిపోయి పడవ దించినప్పుడు మీ శాఖాయన రెండుసార్లు రమ్మని చెయ్యి ఊపాడు. నాకు చూపు ఆనదని చెప్పాను. రెండు గట్ల మీదా కంచె పట్టుకుని జనం నించున్నారు. ఆపితే అందరికీ తెలిసిపోతుందని పాట మొదలుపెట్టించాడు.

పల్లవి కలిసి పాడాం. మీ గొంతులు బాగున్నాయి, నేను మామూలుగా ఎవర్నీ మెచ్చుకోను. మొదటి చరణం, రెండో చరణం. సుత్తి ఎత్తాను.

మీరు "మంచుకు" అంటూ ముందుకు వెళ్లిపోయారు. మావాళ్లు ఆగారు. మా గట్టు జనం ఆగారు. మీ గట్టు మీద, మీరు ఇన్నాళ్లు మైకులో మీ పద్ధతి వినిపించినా, మీ జనమూ ఆగారు. అంతమంది మధ్య మీ పాట ఒక్కటే నడిచింది, తప్పిపోయిన బండిలా. ఒకరి తర్వాత ఒకరు అటూ ఇటూ చూసుకుని నోళ్లు మూసుకున్నారు. అప్పుడు మా చెల్లి గాలి పీల్చుకుంది. పాడడానికే పీల్చిందో, అడుగు వెయ్యడానికే పీల్చిందో నాకు తెలియదు. నాకూ దానికీ మధ్య ఒక్క అడుగే ఉంది. నేను దాని భుజం వైపు చూస్తున్నాను. భుజం లేచింది. దిగగానే కొడదామని చూస్తున్నాను.

ఆ భుజం మీద చెయ్యి పడింది. గోళ్లు శుభ్రంగా కత్తిరించిన చెయ్యి. దాన్ని వెనక్కి తిప్పింది. నీలం చొక్కాలు మధ్యకు వచ్చాయి. గేటు పడింది.

నేను కొట్టలేదు.

అయ్యా, మీకు ఒక సంగతి తెలియాలి. ఆ పాట ఇంకా అయిపోలేదు. ఆ రోజు నుంచి పొద్దు వాలగానే మా గట్టు మీద పల్లవి, రెండు చరణాలు పాడుతున్నాం. తర్వాత ఆగుతున్నాం. ఎవరూ వెళ్లిపోరు, ఎవరూ దగ్గరు. నించుని ఉంటారు, చీకటి పడేదాకా. నిన్నటి నుంచి మీ గట్టు మీద కూడా నించుంటున్నారు. చేపలాయన భార్యలా కనిపించింది ఒకావిడ, అంత దూరం నా కళ్లకు ఆనదు, మా ఆవిడ చెప్పింది. మా ఇన్‌స్పెక్టరు వచ్చి ఇదేమిటన్నాడు. "వాయిద్యం లేదు, పాట లేదు, ఊరికే నించున్నాం, దీనికి ఏ కాగితం కావాలి సార్?" అని అడిగాను. వాడికి తోచలేదు. వెతికి చెబుతానని వెళ్లాడు. మీకు తోస్తే ముందుగా చెప్పండి.

చెల్లీ, నువ్వు ఉన్న గదికి కిటికీ ఉంటే సాయంత్రం చెవి పెట్టి విను. పాట ఆగిపోయి, తర్వాత ఏమీ వినపడకపోతే భయపడకు. నీకోసమే ఆగాం.

సుత్తి పైకెత్తే ఉంది. చెయ్యి నొప్పి పుడితే రొట్టెల బట్టీ ఆయన అందుకుంటున్నాడు. దించడం లేదు.

అన్నయ్య